వేల్స్ రగ్బీ: క్లబ్బులు ఎవరి సొత్తు?

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

రగ్బీ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, ఒకరి మీద ఒకరు పడి దొర్లే ఆటగాళ్ళు. అంతకుమించి పరిచయం లేదు. 2025లో ముంబయిలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు ఆడినప్పుడు మాత్రం పేపర్లో నాలుగు ముక్కలు చదివాం. అది పక్షానికి ఏడుగురు ఆడే పొట్టి ఆట. అసలు రగ్బీ యూనియన్‌లో పదిహేనుమంది ఉంటారు. బంతిని చేత్తో పక్కకో వెనక్కో విసరవచ్చు గాని ముందుకు విసరకూడదు. ఈ వ్యాసానికి నియమాలు ఇంతవరకు చాలు.

నేను చెప్పదలచినది ఆట గురించి కాదు, ఆట వెనకాల ఉన్న పద్దు గురించి. ఒక దేశంలో ఆటనంతటినీ పరిపాలించే సంఘం, అప్పులపాలైన ప్రొఫెషనల్ జట్టును తానే తీసుకుంటే ఏమవుతుంది? దీనికి మంచి ఉదాహరణ వేల్స్. బ్రిటన్‌లో పడమటి వైపున్న చిన్న దేశం, జనాభా సుమారు 31 లక్షలు. అక్కడ బొగ్గు గనుల లోయల్లో రగ్బీ అంటే ప్రాణం.

ముందుగా డబ్బు ఎటునుంచి ఎటు పోతుందో చూద్దాం. 1995 ఆగస్టు దాకా రగ్బీ యూనియన్‌లో ఆటగాడికి జీతం ఇవ్వడం నిషేధం. గని కార్మికులు, ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాళ్ళు, టీచర్లు, డాక్టర్లు తమ తమ ఉద్యోగాలు చేసుకుంటూనే దేశం తరఫున ఆడేవారు. ఆ నెలలో అంతర్జాతీయ బోర్డు ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఒక్కసారిగా జీతాల పోటీ మొదలైంది. జీతం ఇవ్వాల్సింది క్లబ్బులు. కాని అసలు రాబడి క్లబ్బు మ్యాచ్‌లలో లేదు. ఇంగ్లండ్, ఐర్లండ్, స్కాట్లండ్, ఫ్రాన్స్, ఇటలీలతో వేల్స్ ఆడే అంతర్జాతీయ మ్యాచ్‌లలో ఉంది. ఆ టిక్కెట్ల డబ్బు, ప్రసార హక్కుల డబ్బు వచ్చేది వెల్ష్ రగ్బీ యూనియన్‌కు. 1881లో ఏర్పడిన సంఘం అది.

కార్డిఫ్ నగరంలో ఈ తేడా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. యూనియన్‌వారి పెద్ద స్టేడియం 1999లో కట్టారు, 74 వేలమంది దాకా పడతారు. దాని గోడకు ఆనుకునే ఆర్మ్స్ పార్క్ అనే చిన్న మైదానం ఉంది. కార్డిఫ్ జట్టు ఆడేది అక్కడ. గోడకు ఇటు వైపు జీతాల బిల్లు, అటు వైపు గల్లాపెట్టె. రెండు వైపులా ఆడేది చాలావరకు ఆ ఆటగాళ్ళే. కాబట్టి యూనియన్ ఒక ఒప్పందం ప్రకారం ఆటగాళ్ళను ఇచ్చినందుకు జట్లకు ఏటా కొంత సొమ్ము చెల్లిస్తుంది. ఆ సొమ్ము చాలదని జట్లూ, అంతకన్నా ఇవ్వలేమని యూనియనూ! ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న తగాదా ఇది.

2003లో యూనియన్ ఒక పెద్ద కత్తిరింపు చేసింది. అప్పటికి పై స్థాయిలో తొమ్మిది క్లబ్బులు ఉండేవి. వాటిని కలిపి అయిదు ప్రాంతీయ జట్లు చేశారు. అందులో ఒకటి కెల్టిక్ వారియర్స్, పాంటిప్రిడ్, బ్రిడ్జెండ్ క్లబ్బులు కలిసిన జట్టు. ఏడాది తిరగకుండానే పాంటిప్రిడ్ క్లబ్బు డబ్బుకు కటకటలాడి తన వాటాను బ్రిడ్జెండ్ యజమానికి అమ్ముకుంది. ఆయన చివరకు జట్టునే యూనియన్‌కు అమ్మేశాడు. 2004 వేసవిలో యూనియన్ ఆ జట్టును మూసేసింది. ఆ జట్టు ఆట రాని జట్టేమీ కాదు. ఆ సీజన్‌లోనే ఇంగ్లండ్‌కు చెందిన వాస్ప్స్‌ను వాళ్ళ సొంత మైదానంలో ఓడించింది. ఆ వాస్ప్స్ జట్టే ఆ ఏడు యూరప్ కప్పు గెలుచుకుంది. అంటే ఆటలో నెగ్గి, పద్దులో ఓడిపోయిందన్నమాట. లోయ ప్రాంతపు జనానికి తమది అని చెప్పుకునే పై స్థాయి జట్టు ఆ తర్వాత లేకుండా పోయింది. మీ జట్టు ఇకమీదట కార్డిఫ్ జట్టే అని పైవాళ్ళు చెప్తే పాంటిప్రిడ్ వాళ్ళు ఒప్పుకుంటారా? పక్క ఊరి జట్టును మన జట్టు అనుకోమంటే మనం మాత్రం ఒప్పుకుంటామా?

రెండో ఉదాహరణ న్యూపోర్ట్. ఇక్కడ కథ కాస్త వేరు. రాడ్నీ పరేడ్ అనే మైదానంలో న్యూపోర్ట్ క్లబ్బు 1877 నుంచి ఆడుతున్నది. 1963లో న్యూజీలండ్ జట్టు బ్రిటన్ పర్యటనకు వచ్చినప్పుడు వాళ్ళను ఓడించిన ఒకే ఒక్క జట్టు న్యూపోర్ట్, అదీ ఈ మైదానంలోనే, 3–0 తేడాతో. అటువంటి క్లబ్బు 2017 నాటికి అప్పుల్లో కూరుకుపోయింది. అక్కడి ప్రాంతీయ జట్టు అయిన డ్రాగన్స్‌లో సగం వాటా క్లబ్బుది, సగం యూనియన్‌ది. జట్టుతోపాటు మైదానాన్ని కూడా తీసుకుని అప్పులు తీరుస్తామని యూనియన్ ముందుకొచ్చింది. 2017 మే 9న క్లబ్బు వాటాదారులు సమావేశమై ఓటు వేశారు. ఒప్పుకోకపోతే జట్టే ఉండదు, ఒప్పుకుంటే తాతల నాటి మైదానం చేజారుతుంది. ఒప్పుకున్నారు. అప్పు తీర్చడానికి పొలం రాసిచ్చిన ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ సమావేశం ఎలా జరిగి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఇక్కడ యూనియన్ పక్షాన ఒక మాట చెప్పాలి. అది డ్రాగన్స్‌ను మూసెయ్యలేదు. పాడైపోయిన మైదానాన్ని బాగుచేసింది. ఆరేళ్ళు నడిపి 2023లో జట్టును మళ్ళీ ప్రైవేటు యజమానులకు అప్పగించింది. యూనియన్ చేతిలో పడిన ప్రతి జట్టూ చచ్చిపోతుందనడం తప్పు.

మూడోది కార్డిఫ్. ఈ క్లబ్బు పుట్టింది 1876లో, యూనియన్ కన్నా అయిదేళ్ళు పెద్దది. 2020లో కోవిడ్ వచ్చి మైదానాలు మూతపడ్డప్పుడు యూనియన్ 2 కోట్ల పౌండ్ల బ్యాంకు అప్పు తెచ్చి నాలుగు జట్లకు సర్దింది. అది దానం కాదు, జట్లే తిరిగి కట్టాలి. ఆ బరువు అందరి మీదా పడింది. కార్డిఫ్‌కు ఏళ్ళ తరబడి సొంత డబ్బు పెట్టిన పాత పెద్దమనిషి 2023లో పోయారు. కొత్తగా వచ్చిన యజమానులు ఇస్తామన్న పెట్టుబడి అనుకున్నట్టు రాలేదు. 2025 ఏప్రిల్‌లో కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది.

ఈ అడ్మినిస్ట్రేషన్ అంటే ఏమిటో తెలిస్తేగాని తరవాతి సంగతి అర్థం కాదు. బ్రిటిష్ చట్టం ప్రకారం, అప్పులు కట్టలేని కంపెనీ ఆజమాయిషీని యజమానుల చేతుల్లోంచి తీసి ఒక నిపుణుడికి అప్పగిస్తారు. ఆయన వ్యాపారాన్ని బతికున్న వ్యాపారంగానే అమ్మడానికి చూస్తాడు. కొన్నవాడికి జట్టు, పేరు, ఆటగాళ్ళ కాంట్రాక్టులు, సిబ్బంది వస్తారు. పాత బాకీలు చాలావరకు పాత కంపెనీలోనే ఉండిపోతాయి. అభిమానంతో ఆ కంపెనీ షేర్లు కొన్నవాళ్ళ కాగితాలకు మాత్రం విలువ పోతుంది. కార్డిఫ్ విషయంలో ఇదంతా ఒకటి రెండు రోజుల్లో అయిపోయింది. ఏప్రిల్ 9న కొన్నది యూనియనే. జట్టు ఒక్క మ్యాచ్ కూడా మానకుండా సీజన్ పూర్తిచేసింది. ఆటగాళ్ళకు జీతాలు ఆగలేదు. ఇది తక్కువ సంగతి కాదు.

ఎందుకు తక్కువ కాదో ఇంగ్లండ్‌ను చూస్తే తెలుస్తుంది. అక్కడ సంఘం జట్లను కొనలేదు. 2022 సెప్టెంబరులో వూస్టర్, అక్టోబరులో వాస్ప్స్, 2023 జూన్‌లో లండన్ ఐరిష్ ఒకదాని వెంట ఒకటి పై లీగులోంచి తప్పుకున్నాయి. వాస్ప్స్ 1867 నాటి క్లబ్బు, రెండుసార్లు యూరప్ విజేత. దానికీ గతి లేకపోయింది. ఆటగాళ్ళు, సిబ్బంది ఉన్నపళంగా రోడ్డున పడ్డారు.

మరి కార్డిఫ్‌ను కొనడంలో చిక్కు ఏమిటి? మిగతా మూడు జట్లు అప్పటికి ప్రైవేటు యజమానులవి. వాళ్ళు పోటీ పడుతున్న నాలుగో జట్టు ఇప్పుడు డబ్బు పంచే సంఘానిదే అయింది. 2025 మేలో అయిదేళ్ళ కొత్త ఒప్పందం వచ్చింది. కార్డిఫ్, డ్రాగన్స్ సంతకం చేశాయి. కార్డిఫ్ సంతకం అంటే రెండు వైపులా యూనియనే చేసినట్టు! ఓస్ప్రేస్, స్కార్లెట్స్ మాత్రం చేయలేదు. కార్డిఫ్ అప్పులు యూనియన్ నెత్తికెత్తుకున్నందువల్ల తమకు అన్యాయం జరగదని హామీ ఇమ్మని అడిగాయి. నా దృష్టిలో ఇది న్యాయమైన అడగడమే. సొంత డబ్బు పెట్టి నష్టాలు భరించినవాడికి, నష్టాలు భరించలేక చేతులెత్తేసినవాడికి మధ్య సంఘం రెండోవాడికి యజమాని అయినప్పుడు మొదటివాడు గ్యారంటీ అడగడా?

ఇంకో సంగతి అక్కడి పెద్దజట్ల గొడవలో ఎవరికీ పట్టదు. యూనియన్ అంటే ఎవరు? సుమారు మూడు వందల చిన్న క్లబ్బులు. ఊరూరా ఉన్న ఔత్సాహిక క్లబ్బులే దాని సభ్యులు, ఓటర్లు. మన సహకార సంఘం లాంటిదే. సంఘం ఒక నష్టాల మిల్లును కొంటే ఆ డబ్బు ఎవరి వాటాలోంచి పోతుందో రైతుకు ఒకరు చెప్పాలా? కార్డిఫ్ జీతాలకు వెళ్ళే ప్రతి పౌండూ ఏదో ఒక లోయలో పిల్లల జట్టుకో, మైదానం బాగుకో రాకుండా పోయే పౌండు. కాని దేశం జట్టు గెలవకపోతే స్టేడియం నిండదు, స్టేడియం నిండకపోతే ఆ చిన్న క్లబ్బుకీ ఏమీ రాదు. ఫిజిక్స్‌లో క్లోజ్డ్ సిస్టమ్ లెక్కలు ఇంతకన్నా సులువు.

ఐర్లండ్‌లో ఈ గొడవ ఎందుకు లేదని అడగవచ్చు. అక్కడ లీన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కానాట్ అనే నాలుగు జట్లు మొదటినుంచీ యూనియన్ కొమ్మలే. ముఖ్యమైన ఆటగాళ్ళకు యూనియన్ నేరుగా జీతమిస్తుంది. ఎవరి ఇల్లూ ఎవరూ లాక్కోలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఉమ్మడి ఇల్లే. వేల్స్‌లో వేరు కాపురాలు చెడిపోయాక ఉమ్మడి చేస్తున్నారు.

స్కాట్లండ్‌లో యూనియన్ సొంతం చేసుకున్న జట్లే ఉన్నాయి, అయినా 2007లో బోర్డర్స్ జట్టును మూసేశారు. మనవాళ్ళు హైదరాబాద్ పేరుతో ఆడిన ఏడుగురి ఆట 1883లో పుట్టింది ఆ బోర్డర్స్ ప్రాంతంలోని మెల్రోజ్ అనే చిన్న ఊళ్ళోనే. ఆస్ట్రేలియా సంఘం 2016లో పెర్త్ నగరపు వెస్టర్న్ ఫోర్స్‌ను ఆదుకుని, 2017లో దాన్నే లీగులోంచి తీసేసింది. మెల్‌బోర్న్ రెబెల్స్‌ను 2024 మొదట్లో చేతిలోకి తీసుకుని ఆ ఏడాదే ఆపేసింది. ఆదుకున్న చేతికే గొంతు పిసికే అధికారం కూడా వస్తుంది. కొన్నప్పుడు ఈ రెండో అధికారం గురించి కాగితం మీద ఎవరూ రాసుకోరు. డ్రాగన్స్‌లా తిరిగి ఎప్పుడు, ఎవరికి ఇస్తారో ముందే రాసుకుని ఉంటే ఇందులో సగం అనుమానాలు పుట్టవని నాకనిపిస్తుంది.

2025 ఆగస్టులో యూనియన్ నాలుగు జట్లను రెండు చేద్దామని ప్రతిపాదించింది. గోల లేచింది. అక్టోబరులో దాన్ని మూడుగా మార్చారు: కార్డిఫ్‌కు ఒకటి, తూర్పుకు ఒకటి, పడమటికి ఒకటి. పడమట ఉన్నవి రెండు, స్వాన్సీ వైపు ఓస్ప్రేస్, లనెల్లీలో స్కార్లెట్స్. ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం సుమారు ఇరవై కిలోమీటర్లు. 1972లో లనెల్లీ న్యూజీలండ్‌ను 9–3 తో ఓడించిన రోజు ఆ ఊళ్ళో ఇప్పటికీ పండగే. ఈ రెండు జట్లనూ యూనియన్ కొనలేదు, ఒప్పందానికి ఎదురు నిలిచినవీ ఇవే. ఆ ఒక్క లైసెన్సు వీటిలో ఎవరికి అన్నది తేల్చవలసింది, ఆ అక్టోబరు నాటికి కార్డిఫ్ జట్టు యజమానిగా ఉన్న యూనియనే.