టీచర్ల పోరాటంలో జీతం ఒక్కటేనా?

2022 ఫిబ్రవరి 3న విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు వీడియోలు గుర్తున్నాయా? ‘చలో విజయవాడ’కి పోలీసులు పర్మిషన్ ఇవ్వలేదు. బస్సులు, రైళ్లు తనిఖీ చేశారు. అయినా వేషాలు మార్చుకుని మరీ వేలమంది టీచర్లు, ఉద్యోగులు వచ్చేశారు. ఆ రోజు నా ఫోన్‌లో సగం స్టేటస్‌లు వాళ్లకి జై కొడుతుంటే, మిగతా సగం ‘ఇంత జీతం తీసుకుంటూ ఇంకా రోడ్డెక్కుతారా?’ అని తిట్టేవే.

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఈ గొడవ ఒకే ఇంట్లో ఉంటుంది. అన్న పత్తి, మిరప వేస్తాడు, తమ్ముడు గవర్నమెంట్ టీచర్. పండక్కి అందరూ కలిస్తే భోజనాల దగ్గర ఇదే వాదన. ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఎటూ తేలదు.

అప్పుడు ఏం జరిగిందంటే..

2019 జులై నుంచి ఉద్యోగులకి 27 శాతం మధ్యంతర భృతి వస్తోంది. 2022 జనవరి 17న వచ్చిన పీఆర్‌సీ జీవోల్లో ఫిట్‌మెంట్ 23 శాతమే. పైగా ఇంటి అద్దె భత్యం తగ్గించారు. పీఆర్‌సీ అంటే జీతం పెరగడమే అనుకునేవాళ్లకి, ‘రివర్స్ పీఆర్‌సీ’ అనే కొత్త మాట అప్పుడే పుట్టింది. ఫిబ్రవరి 5 రాత్రి చర్చలు ముగిసేసరికి అద్దె భత్యం కొంత సవరించారు, ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఉండిపోయింది. సమ్మె విరమిస్తున్నాం అని నాయకులు ప్రకటిస్తే, ఈ ఒప్పందం మాకు సమ్మతం కాదని టీచర్ల సంఘాలు బయటికొచ్చాయి.

రైతు అన్న అడిగేది కూడా వినాలి. ‘నాకు డీఏ ఎవరిస్తారు? నాకు పీఆర్‌సీ ఎవరేస్తారు?’ 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల లెక్కన ఆదుకుంటామంది. ఒక సీజన్ పోతే రైతుకి మళ్లీ ఏడాది దాకా ఆదాయం ఉండదు. 2022 స్కేళ్లలో ఎస్‌జీటీ మూలవేతనం 32,670 రూపాయలతో మొదలవుతుంది. వర్షాన్ని నమ్ముకున్నవాడికి నెల నెలా వచ్చే ఆ డబ్బు పెద్దదిగా కనిపించడంలో తప్పేముంది? ‘బతకలేక బడిపంతులు’ అన్న సామెత పుట్టిన నేల మీదే ఇప్పుడు పంతుల్ని చూసి అసూయపడుతున్నారు. సామెతని మార్చింది సంఘాలే అని నేను నమ్ముతాను.

జీతం పక్కన పెట్టి పని చూద్దాం

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను కాబట్టి నాకు ముందు యాప్‌లే కనిపిస్తాయి. 2022 ఆగస్టు 16 నుంచి టీచర్లకి ముఖ హాజరు యాప్ పెట్టారు. ఉదయం 9 లోపు ముఖం చూపించాలి. ఫోన్ టీచర్‌దే, డేటా టీచర్‌దే. ‘డివైజ్‌లు మీరే ఇవ్వండి’ అని సంఘాలు అడిగితే, ‘టైముకి రమ్మంటే ఏడుపా?’ అని జనం నవ్వారు.

టైముకి రావాల్సిందే. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచర్ బాధ్యతల్లో మొదట రాసిందే సమయపాలన. ఆ విషయంలో నేను యాప్ వైపే. కానీ మా ఫీల్డ్‌లో ఆఫీసు పనికి కంపెనీ ల్యాప్‌టాప్ ఇస్తుంది. సొంత ఫోన్‌లో ఆఫీసు యాప్ వేసుకోమంటేనే సవాలక్ష ప్రశ్నలు అడుగుతాం. టీచర్ అడిగితే మాత్రం అది బద్ధకం అయిపోయింది.

హాజరుతో ఆగిందా అంటే అదీ లేదు. మధ్యాహ్న భోజనం లెక్కలు ఎక్కించాలి, మరుగుదొడ్ల ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయాలి. ఆ ఫొటోల పని నుంచి 2024లో ప్రభుత్వం మారాక గానీ విముక్తి దొరకలేదు. 2020 మేలో విశాఖ జిల్లాలో అయితే మద్యం షాపుల ముందు క్యూలు చూసే డ్యూటీ కూడా టీచర్లకే వేశారు. అదే విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఏమంటుందో తెలుసా? జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పని టీచర్‌కి చెప్పకూడదు. చట్టం వచ్చింది 2009లో.

ఏకోపాధ్యాయ బడి ఊహించుకోండి. ఒకే మనిషి, ఐదు తరగతులు. ఆయన ఫోన్‌లో భోజనం లెక్క ఎక్కిస్తున్న పది నిమిషాలు ఐదు తరగతులకీ టీచర్ లేనట్టే.

ఏ యాప్‌లోనూ కనిపించని పని ఇంకోటి ఉంది. మిరప కోతలు మొదలైతే మా వైపు బడుల్లో పిల్లలు తగ్గిపోతారు. అమ్మానాన్నలతో చేలోకి వెళ్లేవాళ్లు కొందరు, ఇంటి దగ్గర చంటిపిల్లల్ని చూసుకునేవాళ్లు కొందరు. ఎక్కువగా ఆడపిల్లలే. ఇంటికెళ్లి, తల్లిని ఒప్పించి, ఆ పిల్లని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టే టీచర్‌కి డ్యాష్‌బోర్డులో ఒక్క మార్కు కూడా పడదు. ఏది కొలిస్తే మనుషులు అదే పనిగా పెట్టుకుంటారు. ఈ సంగతి ఏ ఇంజినీర్‌ని అడిగినా చెబుతాడు.

సంఘాలకీ కొన్ని ప్రశ్నలు

2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన సుమారు 1.7 లక్షల మందిని ఒక్క దెబ్బకి తీసేసింది. ఆ కేసులోనే సుప్రీంకోర్టు ప్రభుత్వ ఉద్యోగులకి సమ్మె హక్కు లేదని తేల్చింది. అంటే టీచర్‌కి మిగిలింది ధర్నా, చర్చలు, జనం మద్దతు. ఆ జనం మద్దతే సంఘాలకి తక్కువగా ఉంది. ఎందుకు?

పీఆర్‌సీ, బదిలీలు, పెన్షన్ గురించి గట్టిగా వినిపించే గొంతు, ఐదో తరగతి పిల్లాడు చదవలేకపోతున్నాడన్నప్పుడు అంత గట్టిగా వినిపించదు. జీవో 117 పేరుతో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు సంఘాలు, తల్లిదండ్రులు ఒకే మాట మీద నిలబడ్డారు. 2025లో ఆ జీవో రద్దయింది. పిల్లాడి నడక దూరం గురించి మాట్లాడితే ఊరు తోడొస్తుందనడానికి ఇదే సాక్ష్యం.

ప్రైవేటు స్కూళ్ల టీచర్ల సంగతి మరీ ఘోరం. కోవిడ్‌లో జీతాలు ఆగిపోతే తెలంగాణ ప్రభుత్వం 2021లో నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. బీఈడీ చదివినవాళ్లకి ప్రభుత్వమే బియ్యం ఇచ్చి ఆదుకోవాల్సి వచ్చింది. సంఘం లేకపోతే టీచర్ బతుకు ఎలా ఉంటుందో అక్కడ కనిపిస్తుంది. ‘ప్రైవేటువాళ్లు తక్కువ జీతానికే చేస్తున్నారుగా’ అనేవాళ్లు, ఆ టీచర్ ఎన్నేళ్లు ఆ స్కూల్లో ఉంటుందో కూడా అడగాలి. పెద్ద సంఘాలు ఈ టీచర్ల తరఫున నిలబడితే వాళ్ల బలమే పెరుగుతుంది.

డీఎస్సీ రాసేవాళ్లకి

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి పరీక్ష పెట్టారు. ఇది చదువుతున్న మీలో వచ్చే నోటిఫికేషన్ కోసం కోచింగ్‌లో ఉన్నవాళ్లూ ఉంటారు. సిలబస్‌తో పాటు ఇవి కూడా చూసుకోండి. 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లకి పాత పెన్షన్ లేదు. సీపీఎస్‌లో మూలవేతనం, డీఏల మీద 10 శాతం మీ జీతంలోంచి కట్ అవుతుంది. టీచర్ ఎమ్మెల్సీ ఎన్నికల్లో హైస్కూల్, ఆ పై స్థాయి టీచర్లకే ఓటు. ప్రైమరీలో చేరే ఎస్‌జీటీకి రాదు. అంటే ఒంటరిగా బడి నడిపే టీచర్‌కి శాసనమండలిలో తన మనిషి అంటూ ఉండడు.

అందుకే ఈసారి టీచర్ల ధర్నా వీడియో వస్తే కామెంట్ పెట్టేముందు డిమాండ్ల లిస్టు తెప్పించుకుని చదవండి. అందులో జీతం ఎంత ఉందో, బడి ఎంత ఉందో మీకే తెలుస్తుంది. బడి గురించి ఉన్నవాటికి రైతు అన్న కూడా సంతకం పెడతాడు. ఆయన పిల్లలు చదివేదీ ఆ బడిలోనే కదా.