స్థూలకాయమునకు సూదిమందు: నిదానమే రక్ష

‘లంఖణము పరమౌషధము’ అని పెద్దలు చెప్పిరి. కాని లంఖణము చేయుమన్నంత మాత్రమున ఆకలి ఆగునా? స్థూలకాయుని చూచి “తిండి తగ్గించుకొనరాదా?” అని ఎగతాళి చేయుట లోకమున పరిపాటి. ఆకలి కేవలము మనోనిగ్రహమునకు సంబంధించిన విషయము కాదనియు, ప్రేవులకును మెదడునకును నడుమ నడచు రసాయనిక వర్తమానములు దానిని నియమించుచున్నవనియు శాస్త్రజ్ఞులు తేటపరచినారు. ఆ వర్తమానములను అనుకరించునవే నేడు బరువు తగ్గుటకై వారమునకొకమారు తీసికొను సూదిమందులు. ఇవి మేలు చేయగలవనుటలో సందేహము లేదు. ఐనను వాడు తీరు తెలియనిచో మేలునకు మారుగా కీడు కలుగును.

మనము భుజించినపుడు ప్రేవులనుండి జి.ఎల్.పి.-1 అను హార్మోను వెలువడును. అది రక్తములో చక్కెర పెరిగినపుడు ఇన్సులిను స్రవించునట్లు చేయును. జీర్ణాశయమునుండి ఆహారము మెల్లగా దిగునట్లు చేయును. ‘ఇక చాలు’ అను వార్తను మెదడునకు అందించును. కాని రెండు నిమిషములలోనే అందు సగము నశించును. అమెరికా నైరృతి ప్రాంతపు ఎడారులలో గీలా మాన్‌స్టర్ అను, ఉడుమును పోలిన విషజంతువు కలదు. న్యూయార్కు నగరములోని బ్రాంక్స్‌లో పరిశోధన చేయుచుండిన డాక్టరు జాన్ ఎంగ్, దాని విషమునందు ఈ హార్మోనును పోలియుండి, అంతకంటె చాలకాలము నిలుచు పదార్థమును 1992లో కనుగొనెను. దాని ననుసరించి తయారైన మధుమేహపు మందునకు 2005లో అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చినది. తరువాత వచ్చిన సెమాగ్లూటైడ్ శరీరములో సగమగుటకు సుమారు ఒక వారము పట్టును. అది 2017లో మధుమేహమునకును, 2021లో బరువు తగ్గించుటకును అచ్చట అనుమతి పొందెను. టిర్జెపటైడ్ అను మరియొక మందు ఇట్టి రెండు హార్మోనుల పని చేయును. మౌంజారో అను పేర టిర్జెపటైడ్ 2025 మార్చిలోను, వెగోవీ అను పేర సెమాగ్లూటైడ్ అదే సంవత్సరము జూనులోను మన దేశపు అంగళ్లకు వచ్చినవి.

ఈ మందు విషయమున మొదట గ్రహింపవలసినది మోతాదుల సోపానక్రమము. బరువు తగ్గుటకై ఇచ్చు సెమాగ్లూటైడును వారమునకు 0.25 మిల్లీగ్రాముతో ఆరంభింతురు. నాలుగేసి వారముల కొకమెట్టు చొప్పున 0.5, 1, 1.7 మిల్లీగ్రాములకు పెంచి, పదునారు వారములు గడచిన పిమ్మట 2.4 మిల్లీగ్రాముల పూర్తి మోతాదునకు చేరుదురు. తొలి మోతాదు బరువు తగ్గించుటకు కాదు, జీర్ణకోశమును అలవాటు పరచుటకు. అక్షరాభ్యాసమునాడే ప్రబంధము చదివింపబూను గురువు ఉండునా? తొందరపడి మెట్లు దాటినవారికి వమనములు, విరేచనములు తీవ్రమై, శరీరములోని నీరు హరించి, మూత్రపిండములకు హాని కలుగవచ్చును.

ఇది వట్టి బెదరింపు కాదు. అమెరికాలో కొన్ని మందుల దుకాణములు సీసాలలో కలిపియిచ్చిన సెమాగ్లూటైడును, కొందరు తీసికొనవలసిన దానికి ఐదు మొదలు ఇరువది రెట్ల వరకు ఎక్కించుకొని ఆసుపత్రుల పాలైరని ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ 2024 జూలైలో హెచ్చరించినది. పొరపాటు ఎట్లు జరుగునో విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. మిల్లీగ్రాము మందు యొక్క బరువు. ఇన్సులిను సిరంజి మీది యూనిట్ల గీతలు ద్రవము యొక్క పరిమాణము. నూరు యూనిట్లు ఒక మిల్లీలీటరు. మిల్లీలీటరునకు 5 మిల్లీగ్రాములున్న మందులో 0.25 మిల్లీగ్రాము కావలెనన్న 5 యూనిట్లే చాలును. ‘0.25’ అను అంకెను చూచి 25 యూనిట్లు లాగినవానికి 1.25 మిల్లీగ్రాములు, అనగా ఐదు రెట్లు, పడును. మోతాదును అమర్చియిచ్చు పెన్నులలో ఈ ప్రమాదము తక్కువ.

ఈ మందు అందరికిని తగదు. మెడుల్లరీ జాతి థైరాయిడ్ క్యాన్సరు తమకుగాని కుటుంబములోగాని కలవారు దీనిని వాడరాదు. ఎలుకలలో థైరాయిడ్ కంతులు కనిపించుటయే ఈ నిషేధమునకు కారణము. మనుష్యులలో అట్లు జరుగునని నిర్ధారణ కాలేదు. గర్భవతులు వాడరాదు, సంతానము కోరు స్త్రీ కనీసము రెండు మాసములు ముందుగా సెమాగ్లూటైడును మానవలెను. క్లోమమునకు వాపు వచ్చియున్నవారు, మధుమేహముచే కంటిపొర దెబ్బతిన్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. ఇన్సులినుగాని గ్లిమెపిరైడ్ వంటి మాత్రలుగాని వాడువారికి చక్కెర మితిమీరి పడిపోవచ్చును గనుక వాని మోతాదును వైద్యుడు సవరింపవలసియుండును. శస్త్రచికిత్సకు పోవువారు ఈ మందు వాడుచున్నట్లు మత్తుమందు వైద్యునికి తెలుపవలెను. తగ్గని తీవ్రమైన కడుపునొప్పి వీపునకు ప్రాకినను, కన్నులు పచ్చబడినను క్షణమాలసింపక ఆసుపత్రికి పోవలెను.

సూదిని పొట్ట, తొడ, భుజము వీనిలో ఒకచోట చర్మము క్రింద వేయుదురు. ప్రతివారము చోటు మార్చవలెను. ఒకరి పెన్నును, సూది మార్చినను, మరియొకరు వాడరాదు. వాడకముందు మందును 2 మొదలు 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెను, గడ్డకట్టినదానిని పారవేయవలెను. మన వేసవి యెండలలో సంచిలో పెట్టుకొని తిరుగుట తగదు. ఒక వారము తప్పినచో మరువారము రెండింతలు తీసికొనరాదు. వరుసగా తప్పినచో తిరిగి ఏ మెట్టునుండి ఆరంభింపవలెనో వైద్యుని అడుగవలెను. చౌకయని తెలియనిచోట కొనుట మరింత ప్రమాదము. నకిలీ సెమాగ్లూటైడ్ బయటపడినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూనులో దేశములన్నిటిని హెచ్చరించినది.

ఇక ఫలమెంత? 1,961 మందిపై జరిగి 2021లో ప్రకటితమైన పరీక్షలో, ఆహారనియమము, వ్యాయామములతోపాటు సెమాగ్లూటైడ్ పొందినవారి బరువు 68 వారములలో సగటున నూటికి 14.9 వంతులు తగ్గెను. ఉత్తుత్తి సూది పొందినవారికి 2.4 వంతులే. కాని మందు మానిన యేడాదికి, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండువంతులు తిరిగి వచ్చెను. పైగా తగ్గిన బరువంతయు క్రొవ్వు కాదు. అందు కండయు కొంత కలదు. కావున పప్పులు, పాలు, గ్రుడ్లు వంటి మాంసకృత్తుల ఆహారమును, కండకు పని కల్పించు వ్యాయామమును విడువరాదు.

పెండ్లికో, వేడుకకో రెండు నెలలలో సన్నబడవలెనను ఆతురత కలవారికి ఈ మందు తగినది కాదు. స్థూలకాయము వ్యాధిగా పరిణమించినవారికి, వైద్యుని చీటీతో, వైద్యుని కనుసన్నలలో, నెలల తరబడి సాగవలసిన చికిత్స యిది. ఉపాధ్యాయులకు ఒక విన్నపము. తరగతిలో లావుగానున్న బాలుని తోడివారు వెక్కిరించునపుడు, ఆకలి వెనుక నడచు ఈ హార్మోనుల కథను పిల్లలకు చెప్పుడు. వెక్కిరింతకు వెరచిన పిల్లలే రేపు ఎవరి చీటీయు లేకుండ రహస్యముగా సూది వెదకుకొందురు.