కారణము కనబడని బాధ: పరిచర్య

2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనబడిన శ్రీ విజయపురములోని ఓడరేవు ప్రాంతము హాడో. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు అండమాను దీవులకు వచ్చి బాధితులకు మానసిక చికిత్స చేసిరి. అట్టి విపత్తుల తరువాత దుఃఖము కొందరిలో తలనొప్పి, గుండెదడ, ఒంటినొప్పులుగా బయటపడును.

పరీక్షలలో తగిన కారణము కనబడకున్నను ఆ బాధ నిజమైనదే. దానిని గూర్చిన భయము మితిమీరి నిత్యజీవనమును అడ్డగించినప్పుడు అది రుగ్మత యగును. "నీకేమియు లేదు" అని నర్సు ఎన్నడును అనరాదు. బాధ హెచ్చినప్పుడే గాక, నియమిత వేళలందు రోగిని పలకరింపవలెను. నొప్పితోపాటు నిద్ర, కుటుంబము, పనిపాటలను గూర్చియు అడుగవలెను. చికిత్స ఒకే వైద్యుని ఆధ్వర్యమున సాగుట మేలు. క్రొత్త లక్షణము తోచినచో ఉపేక్షింపక వైద్యునికి తెలుపవలెను.

కృత్రిమ రుగ్మత వేరు. ఇందు మనిషి ధనలాభమునకు గాక, రోగిగా ఎంచబడుటకే లక్షణములను కల్పించుకొనును. ఒక్కొక్కప్పుడు తనకు తానే హాని చేసికొనును. దీని తీవ్రరూపమును 1951లో రిచర్డ్ ఆషర్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించెను. నర్సు నిందింపక, చూచినది చూచినట్లు వ్రాసి వైద్యునికి చూపవలెను. ఇతడును చికిత్సార్హుడే.

సలహాకై టెలి మానస్ 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.