గాజు పళ్ళెంలో మొదలైన బిడ్డకు ఉబ్బసం ఎక్కువా?

పరీక్షనాళిక శిశువు అనగానే బిడ్డ గాజు నాళికలోనే పెరిగిందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పేరే అలాంటిది! నిజానికి తల్లి అండాన్ని బయటికి తీసి, చిన్న పళ్ళెంలో తండ్రి శుక్రకణాలతో కలుపుతారు. కొద్ది రోజుల తర్వాత పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెడతారు. ఆపైన అంతా అమ్మ కడుపులోనే. ఇలా పుట్టిన మొదటి పాప లూయీస్ బ్రౌన్. ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో 1978 జూలై 25న పుట్టింది. ఈ పద్ధతికి బాటవేసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి ఈ పిల్లల ఊపిరితిత్తులు ఎలా ఉంటాయి? బ్రిటన్‌లో వేలాది పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన శాస్త్రజ్ఞులు 2012లో ఒక లెక్క ప్రకటించారు. అయిదేళ్ళ వయసులో మొత్తం పిల్లల్లో నూటికి 15 మందికి ఉబ్బసం ఉంటే, ఈ పద్ధతిలో పుట్టినవారిలో నూటికి 24 మందికి ఉంది. ఏడేళ్ళకు ఆ తేడా తగ్గింది.

అయితే తప్పు పళ్ళెానిదేనా? తొందరపడకండి. వారిలో ఈ పద్ధతిలో పుట్టినవారు నూరుమందికి కాస్త ఎక్కువ, అంతే. పైగా ఎన్నో ఏళ్ళు ఎదురుచూసి కన్న బిడ్డ దగ్గితే చాలు, తల్లిదండ్రులు డాక్టరు దగ్గరికి పరుగెత్తరూ? అప్పుడు జబ్బు కూడా ఎక్కువగానే బయటపడుతుంది.

ఇంతకంటే స్పష్టమైన కారణం ఇంకొకటుంది. ఒక్కటైనా నిలుస్తుందన్న ఆశతో వెనుక రెండు మూడు పిండాలను ఒకేసారి ప్రవేశపెట్టేవారు. అన్నీ నిలిస్తే కవలలు, ముగ్గురు కూడా! ఇరుకులో పెరిగే కవలలు తరచు నెలలు నిండకుండానే పుడతారు. చిక్కంతా అక్కడే.

రెండు గాజు పలకల మధ్య నీటిచుక్క వేసి నొక్కండి. లాగితే ఓ పట్టాన ఊడిరావు. ఊపిరితిత్తుల్లోని వాయుగోణుల లోపలి గోడలూ తడిగానే ఉంటాయి. నీటి తలతన్యత వాటిని ముడుచుకుపోయేలా చేస్తుంది. దాన్ని తగ్గించడానికి సబ్బులాంటి పదార్థం ఒకటి మన ఊపిరితిత్తుల్లోనే తయారవుతుంది. పేరు సర్ఫాక్టెంట్. గర్భంలో చివరి వారాల్లోగాని అది చాలినంత తయారుకాదు. ముందే పుట్టిన బిడ్డకు అది చాలక, ప్రతి శ్వాసా కొత్త బెలూను ఊదినంత కష్టం! ఈ లోపాన్ని అమెరికాలో మేరీ ఎలెన్ ఏవరీ 1959లో కనిపెట్టింది. జపాన్‌లో ఫుజివారా, ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ను అలాంటి శిశువులకు ఇచ్చి, 1980లో ఫలితాలు ప్రకటించాడు.

అసలు నెలలు నిండకుండా పుట్టకుండానే చూస్తే? స్వీడన్ 2003 నుంచి సాధారణంగా ఒక్క పిండాన్నే ప్రవేశపెట్టాలని నియమం పెట్టింది. అక్కడ కవలల కాన్పులు బాగా తగ్గిపోయాయి.