ఆస్తిక్య నాస్తిక్యాలకు వైయక్తిక హేతువులు: ఓరుగల్లు సీమ వాఙ్మయ, క్షేత్రసంప్రదాయాల పరిశీలన

ఈశ్వరుడు ఉన్నాడా, లేడా అన్న ప్రశ్నకు భారతీయ దర్శనాలు ప్రమాణపద్ధతిలో సమాధానాలు చెప్పినవి. అయితే ఒక వ్యక్తి ఈశ్వరుని నమ్మడానికి గాని, నమ్మకపోవడానికి గాని ఆ ప్రమాణాలే కారణమా అన్నది వేరొక ప్రశ్న. మొదటిది తర్కశాస్త్రానికి చెందినది. రెండవది జీవితానికి చెందినది. ఈ రెండవ ప్రశ్నను పరిశీలించడానికి ఓరుగల్లు సీమ అనువైన క్షేత్రం. 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో పాలకుర్తి, బమ్మెర, కురవి, కాళేశ్వరం ఉన్నవి. ఇద్దరు మహాకవుల కావ్యాలు, రెండు శివక్షేత్రాల సంప్రదాయాలు ఈ ప్రశ్నకు భిన్నమైన సమాధానాలను ఇస్తున్నవి.

ఆస్తిక నాస్తిక శబ్దాల అర్థం

నేడు ఆస్తికుడనగా దేవుని నమ్మేవాడు, నాస్తికుడనగా నమ్మనివాడు. ఈ అర్థం ప్రాచీనం కాదు. పాణిని అష్టాధ్యాయి చతుర్థాధ్యాయంలో ఈ శబ్దాలను ‘అస్తి’, ‘నాస్తి’ పదాల నుండి సాధించినాడు. ఉన్నదని తలచేవాడు ఆస్తికుడు, లేదని తలచేవాడు నాస్తికుడు. ఏది ఉన్నదని అన్నచోట వ్యాఖ్యాతలు ‘పరలోకం’ అని పూరించినారు. మనువు దృష్టిలో వేదనిందకుడు నాస్తికుడు. ఈ రెండింటిలోను ఈశ్వరుని ప్రసక్తి లేదు. అందువల్లనే జగత్కర్తను అంగీకరించని పూర్వమీమాంస ఆస్తిక దర్శనంగానే పరిగణింపబడినది. కుమారిలభట్టు శ్లోకవార్తికంలో సృష్టికర్త అన్న భావనను తీవ్రంగా ఖండించినాడు. అయినా ఆయనను నాస్తికుడని సంప్రదాయం అనలేదు. దీనిని బట్టి ఈశ్వరుని విషయంలో భిన్నాభిప్రాయానికి మన శాస్త్రచర్చలో మొదటి నుండి స్థానమున్నదని తెలుస్తున్నది.

తర్కానికి ముందున్న విశ్వాసం

ఈశ్వరసిద్ధికి తార్కికుల పక్షాన వెలువడిన గ్రంథాలలో అగ్రగణ్యం ఉదయనాచార్యుని న్యాయకుసుమాంజలి. మిథిలకు చెందిన ఈ పదవ శతాబ్దపు నైయాయికుడు పంచమస్తబకంలో కార్యం, ఆయోజనం, ధృతి మొదలైన హేతువులతో ఈశ్వరుని సాధించినాడు. కుండకు కుమ్మరి ఉన్నట్లే కార్యరూపమైన జగత్తుకు కర్త ఉండవలెనన్నది అందులో మొదటిది. అయితే గ్రంథారంభంలోనే ఉదయనుడు ఒక ముఖ్యవిషయం చెప్పినాడు. ఈ న్యాయచర్చ శ్రవణానంతరం వచ్చే మననమని, అది ఒక విధమైన ఉపాసనయేనని ఆయన భావన. అనగా ఆయన తర్కం వల్ల విశ్వాసాన్ని పొందలేదు. ముందే ఉన్న విశ్వాసానికి తర్కరూపమైన అర్చన చేసినాడు. పూరీ జగన్నాథాలయానికి వెళ్లినప్పుడు తలుపులు మూసి ఉండగా, బౌద్ధులు ఎదురైననాడు నీ ఉనికి నా అధీనంలోనే ఉండెను గదా అని ఆయన స్వామిని అధిక్షేపించినట్లు ఒక ఐతిహ్యం. చారిత్రక సత్యమెట్లున్నా, ఆ కథలో దేవునితో తగవు పడగల చనువు ఉన్నది. అనుమానప్రమాణం ఆ చనువును ఇవ్వజాలదు.

విశ్వాసహేతువులు తర్కంలో లేకపోతే ఎక్కడ ఉన్నవన్న ప్రశ్నకు కావ్యాలలో సమాధానం లభిస్తున్నది.

పాలకుర్తి: ముగ్ధత, మమత

జనగామ జిల్లాలోని పాలకుర్తి సోమనాథుని జన్మస్థలంగా ప్రసిద్ధం. ఆయన ద్విపదలో రచించిన బసవపురాణంలో ముగ్ధభక్తుల కథలు ప్రత్యేక విభాగంగా భాసిస్తున్నవి. వారిలో గొడగూచి పసిబాలిక. తండ్రి ఊరికి పోతూ, ప్రతిదినం శివునికి పాలు ఆరగింపు చేయమని చెప్పినాడు. దేవుడు నిజంగా తాగుతాడని ఆమె నమ్మినది. లింగం పాలు ముట్టకపోయేసరికి తన వలన ఏదో అపరాధం జరిగినదని ఏడ్చి, ప్రాణత్యాగానికి సిద్ధపడినది. శివుడు పాలు తాగినాడు. తండ్రి తిరిగివచ్చి ఖాళీ గిన్నెను చూచి, కూతురే తాగినదని కోపించినాడు. తన ఎదుట తాగించుమని శాసించినాడు. చివరకు అతడు దండించబోగా బాలిక లింగంలో లీనమైనది.

ఈ కథలో గమనింపదగిన అంశం తండ్రి ప్రవర్తన. నియమం తప్పక నైవేద్యం పెట్టిన ఆ భక్తుడు దేవుడు పాలు తాగుతాడని నమ్మలేదు. ఆచారంలో ఆస్తికుడైన తండ్రి అంతరంగంలో సంశయాత్ముడు. తండ్రి మాటయే ప్రమాణంగా గైకొన్న బాలిక పూర్ణవిశ్వాసిని. ఆప్తవాక్యం బాలికలో విశ్వాసమైనది గాని, ఆ వాక్యం చెప్పినవానిలో కాలేదు. ఆచారాన్ని చూచి విశ్వాసాన్ని ఊహించరాదని సోమనాథుడు ఇక్కడ సూచించినాడు.

బెజ్జమహాదేవి కథలోని హేతువు మరింత అపూర్వమైనది. లోకంలో అందరికీ తల్లులున్నారు, శివునికి మాత్రం తల్లి లేదు. తల్లియే ఉంటే అతనిని విషం తాగనిచ్చునా, జడలు కట్టనిచ్చునా, శ్మశానంలో తిరగనిచ్చునా అని ఆమె వగచి, తానే తల్లియై లింగానికి నీళ్లుపోసి పెంచినది. భయం వల్లనో, కోరిక వల్లనో మనుష్యులు దేవుని ఆశ్రయిస్తారని సామాన్యంగా చెప్పే మాట ఈమెకు వర్తించదు. ఆమె దేవుని నుండి ఏమీ ఆశించలేదు. దేవునికే ఒక కొరత ఉన్నదని తలచి, ఆ కొరతను తీర్చినది. విశ్వాసానికి జాలి కూడ హేతువు కాగలదని నిరూపించే కథ ఇది.

బమ్మెర: అనుభవం, ఆర్తి

పాలకుర్తి మండలంలోనిదే బమ్మెర గ్రామం. ఇది పోతన జన్మస్థలంగా ప్రఖ్యాతమైనది. భాగవత అవతారికలో పోతన తన అనుభవాన్ని చెప్పుకొన్నాడు. చంద్రగ్రహణ సమయాన నదీస్నానం చేసి, ఇసుకతిన్నెపై మహేశ్వరుని ధ్యానిస్తుండగా, అర్ధనిమీలిత నేత్రాలకు రామభద్రుడు గోచరించి, భాగవతాన్ని తెనిగించుమని ఆదేశించినాడు. ధ్యానించినది శివుని, దర్శనమిచ్చినది రాముడు. తాను కోరినదే తనకు కనిపించినదన్న ఆక్షేపణకు ఈ వృత్తాంతంలో అవకాశం తక్కువ. పోతన వరకు ఇది ప్రత్యక్షం. ఇతరులకు శబ్దం మాత్రమే.

ఇంతటి అనుభవం కలిగిన కవి అష్టమస్కంధంలోని గజేంద్రమోక్షణ కథలో తన పాత్ర చేత దైవాన్ని శంకింపజేయడం విశేషం. సంస్కృత భాగవతంలో గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడనే పాండ్యరాజు. మొసలితో వేయి సంవత్సరాలు పోరాడి, బలం ఉడిగి, పూర్వజన్మలో అభ్యసించిన స్తోత్రాన్ని స్మరించినాడు. ఆ స్తుతి గంభీరమైన తత్త్వప్రతిపాదన. అందులో ఈశ్వరుని ఉనికిపై సంశయం లేదు. తెలుగులో మాత్రం గజేంద్రుడు తత్త్వస్తుతి చేసిన తరువాత, ఉన్నాడని లోకం చెప్పుకొనే ఆ దేవుడు అసలు ఉన్నాడో లేడో అని సందేహిస్తాడు. కాళ్లు నీటిలో, ప్రాణం కంఠంలో ఉన్న జీవికి కలిగిన సందేహమిది. దీనిని పోతన తప్పుగా చూపలేదు, తరువాత ఖండించనూ లేదు.

ఈ సందేహం తీరిన విధం పరిశీలింపదగినది. గజేంద్రునికి మధ్యలో ఏ కొత్త ప్రమాణమూ లభించలేదు, ఏ ఆశ్వాసమూ వినిపించలేదు. మారినది సంబోధన మాత్రమే. సందేహం ప్రథమపురుషలో ఉన్నది. అందులో దేవుడు ‘వాడు’. శరణాగతి మధ్యమపురుషలో ఉన్నది. అందులో దేవుడు ‘నీవు’. దేవుని గురించి మాట్లాడడం మాని, దేవునితో మాట్లాడడం ఆరంభించిన క్షణాన సందేహం వెనుకకు పోయినది. భగవద్గీత సప్తమాధ్యాయంలో పేర్కొన్న ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అనే నలుగురిలో ఆర్తుడు ప్రథముడు. ఆర్తుని మనస్సులో సంశయం కూడ ఒక మెట్టు కాగలదని విశదం చేసినది పోతన.

కాళేశ్వరం: మృత్యుభయం, సంప్రదాయం

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో గోదావరీ ప్రాణహితల సంగమస్థానం కాళేశ్వరం. త్రిలింగక్షేత్రాలలో ఒకటి. ఇక్కడ ఒకే పానవట్టంపై రెండు లింగాలున్నవి. ఒకటి యమస్వరూపమైన కాళేశ్వరుడు, రెండవది శివస్వరూపమైన ముక్తేశ్వరుడు. ముక్తేశ్వరుని దర్శించినవారికెల్ల మోక్షం లభించడంతో తనకు పని లేకపోయినదని యముడు మొరపెట్టుకొనగా, శివుడు తన సరసన అతనికి స్థానమిచ్చి, ముందుగా అతనినే పూజింపవలెనని నియమించినాడని స్థలపురాణం. ముక్తి కోరేవాడు మొదట మృత్యువుకు నమస్కరించవలెనన్నది ఇందలి భావం. దైవవిశ్వాసానికి మృత్యుభయం మూలమని ఆధునిక విమర్శకులు ఆక్షేపణగా చెప్పేదానిని ఈ క్షేత్రం దాచలేదు, పూజాక్రమంలోనే నిలిపినది.

ఇచటి మూడవ నది సరస్వతి కంటికి కనిపించదు. అది అంతర్వాహిని అని విశ్వాసం. 2025 మే నెలలో ఇక్కడ సరస్వతీ పుష్కరాలు జరిగినవి. కనిపించని నదిలో స్నానమాడడానికి వచ్చినవారికి ఆధారం అనుమానం కాదు, ప్రత్యక్షం కాదు. తాతముత్తాతల మాట. అత్యధిక సంఖ్యాకుల విశ్వాసానికి వైయక్తిక హేతువు ఇదే. ఇది దుర్బలమైన హేతువని తార్కికుడు అనవచ్చు. కాని మాతృభాష, బంధుత్వం కూడ ఇట్లే సంక్రమిస్తున్నవి. వాటిని ఎవ్వరూ తర్కించి స్వీకరించలేదు.

అవిశ్వాసహేతువులు: అభిమానం, అన్వేషణ

అవిశ్వాసానికి కూడ ఇదే విధంగా వ్యక్తిగత కారణాలున్నవి. మహబూబాబాదు జిల్లాలోని కురవి వీరభద్రస్వామి క్షేత్రంగా ప్రసిద్ధం. వీరభద్రుని కథను పోతన వీరభద్రవిజయంలో చెప్పినాడు. అందలి దక్షుడు కర్మను, దేవతలను నమ్మినవాడే. సభలో అల్లుడు లేచి గౌరవించలేదన్న రోషం వల్ల శివునిలో దైవాన్ని చూడలేకపోయినాడు. ఇది సిద్ధాంతజన్యమైన అవిశ్వాసం కాదు, అభిమానభంగజన్యం.

హిరణ్యకశిపుని విషయం ఇంతకంటె సూక్ష్మమైనది. సోదరుని చంపిన హరిపై పగ అతని ప్రధాన హేతువు. వామనుడు బలికి చెప్పిన వృత్తాంతం ప్రకారం, హిరణ్యకశిపుడు శూలం ధరించి రాగా విష్ణువు సూక్ష్మరూపంతో అతని నాసారంధ్రం ద్వారా హృదయంలోనే ప్రవేశించినాడు. అతడు భూమిని, స్వర్గాన్ని, దిక్కులను, సముద్రాలను వెదకి, ఎచటా కానక, సోదరఘాతి తిరిగిరాని చోటికి పోయినాడని నిశ్చయించుకొన్నాడు. దర్శనపరిభాషలో ఇది అనుపలబ్ధి. కనిపించలేదు గనుక లేదు. దీనికి నైయాయికుల సమాధానం ప్రసిద్ధమే. ప్రత్యక్షానికి యోగ్యమైన వస్తువు కనిపించనప్పుడే దాని అభావం సిద్ధిస్తుంది. బల్లపై కుండ కనిపించకపోతే కుండ లేదు. పరమాణువు కనిపించనంత మాత్రాన లేదనరాదు. ఉదయనుడు తృతీయస్తబకంలో ఈ యోగ్యానుపలబ్ధి విచారమే చేసినాడు. అయితే నిష్పాక్షికంగా చూచినచో ఈ సమాధానం వల్ల ఈశ్వరుడు లేడన్న వాదం మాత్రమే నిలువకుండా పోవుచున్నది. ఉన్నాడని దీనివల్ల సిద్ధించదు.

అవిశ్వాసహేతువులు: అన్యాయదర్శనం

అవిశ్వాసానికి అన్నింటికంటె బలమైన హేతువు అన్యాయదర్శనం. సోమనాథుని పాలకుర్తియే చాకలి ఐలమ్మ భూమికై పోరాడిన గ్రామం. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య బలియైన కడవెండి కూడ నేటి జనగామ జిల్లాలోనిదే. విసునూరు దేశ్‌ముఖు ఆధిపత్యంలో వెట్టిచాకిరి చేసిన జనులలో, న్యాయమూర్తియైన దేవుడుంటే ఈ దుర్నీతి ఎట్లు నిలిచినదన్న ప్రశ్న పుట్టడం సహజం. ఆ పోరాటంలో పాల్గొన్నవారందరూ నాస్తికులు కారు. కాని దానితోపాటు భౌతికవాద చింతన పల్లెలకు చేరినది.

ఈ ప్రశ్న శాస్త్రకారులకు తెలియనిది కాదు. బ్రహ్మసూత్రాల ద్వితీయాధ్యాయ ప్రథమపాదంలో ఈశ్వరునికి పక్షపాతం, నిర్దయ అనే దోషాలు అంటునా అన్న విచారమున్నది. జీవుల కర్మలను అపేక్షించియే సృష్టి జరుగుతున్నది గనుక అంటవని సిద్ధాంతం. బాధపడేవాడు తన దుఃఖాన్ని తాను భరించుకొనడానికి ఈ సిద్ధాంతం ఊరట కావచ్చును. బాధించేవాడు తన దౌర్జన్యానికి సమర్థనగా దీనిని పలికినప్పుడు అది శాస్త్రం కాదు, స్వార్థం. దొర నోట వినిపించిన కర్మసిద్ధాంతం నాస్తిక్యానికి కలిగించినంత బలాన్ని చార్వాక వాదం కలిగించలేదని చెప్పవచ్చు.

తీరాంధ్రంలో గోరా నాస్తిక్యం కూడ ప్రధానంగా నైతికమైనది. 1902లో జన్మించిన ఆయన 1933లో నాస్తిక భావాల కారణంగా కాకినాడలో కళాశాల ఉద్యోగాన్ని కోల్పోయినారు. 1940లో ముదునూరులో నాస్తికకేంద్రాన్ని స్థాపించినారు. 1947లో అది విజయవాడకు తరలినది. అస్పృశ్యతానిర్మూలన, సహపంక్తి భోజనాలు ఆయన నాస్తిక్యానికి ఆచరణరూపాలు. ఆయనతో చర్చలు జరిపిన గాంధీ అంతకు పూర్వమే ‘దేవుడే సత్యం’ అన్న భావన నుండి ‘సత్యమే దేవుడు’ అన్న భావనకు వచ్చినవాడు. దేవుని పేరు చెప్పని సత్యనిష్ఠునికి కూడ చోటివ్వడం ఆ మార్పులోని విశేషం.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నవి. మొదటిది: విశ్వాసాన్ని సమర్థించే తర్కం వేరు, విశ్వాసాన్ని పుట్టించే హేతువు వేరు. అవిశ్వాసానికి కూడ ఇది సమానమే. రెండవది: వైయక్తిక హేతువు ఆ వ్యక్తికి పూర్ణప్రమాణం, ఇతరులకు సాక్ష్యం మాత్రమే. పోతన దర్శనాన్ని చదివినవానికి గౌరవం కలుగవచ్చును, దర్శనం కలుగదు. మూడవది: ఈ హేతువులు అనుభవజన్యాలు గనుక దండన వల్ల మారవు. హిరణ్యకశిపుడు ఏనుగులతో తొక్కించినా, పాములతో కరిపించినా ప్రహ్లాదుని విశ్వాసం చలించలేదు. ఉద్యోగం పోయినా గోరా అవిశ్వాసం చలించలేదు. ఒకరిని మెచ్చి, మరొకరిని అణచడం న్యాయం కాదు. కన్నకూతురి మాటను నమ్మక చేయెత్తిన గొడగూచి తండ్రి భక్తుడే. ఎదుటివాని అంతరంగాన్ని బలాత్కారంగా పరీక్షింపబూనినవాడు ఆస్తికుడైనా, నాస్తికుడైనా నష్టపోతాడని సోమనాథుని ఆ చిన్నకథ నేటికీ హెచ్చరిస్తున్నది.