పదహారేళ్ల ఆటకు వెల కట్టేదెలా?

వేలంపాట అంటే మన సూర్యాపేట, మిర్యాలగూడ వైపు వాళ్లకు కొత్తేమీ కాదు. ఊరి చెరువులో చేపలకు పాట, వినాయక చవితి పందిట్లో లడ్డూకు పాట... వింటూనే పెరిగాం. కానీ ఆడపిల్లల ఆటకు పాట సాగుతుంటే, టీవీ ముందు కూర్చున్న ఆడవాళ్లం "ఇంకో పది లక్షలు పెంచరాదా!" అని ఆరాటపడే రోజు ఒకటి వస్తుందని ఎవరనుకున్నారు?

ఆ రోజు 2023 ఫిబ్రవరి 13న వచ్చింది. మహిళల ప్రీమియర్ లీగ్ క్రికెట్‌కు మొదటి వేలం ముంబయిలో జరిగింది. సుత్తి పట్టుకుని పాట నడిపింది కూడా ఒక స్త్రీయే, మల్లికా సాగర్. జాబితాలో 409 పేర్లు. కొనేవి ఐదు జట్లు. చివరికి 87 మందికి చోటు దొరికింది. స్మృతి మంధానకు పలికిన 3 కోట్ల 40 లక్షలే ఆ రోజు అన్నిటికంటే పెద్ద ధర.

అప్పటి నుంచీ వేలం దగ్గర పడుతోందంటే చాలు, మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయిలు నోటుపుస్తకం తీసి ఐదు జట్ల పేర్లూ రాసుకుంటారు. ఏ జట్టులో ఎవరు తగ్గారు, అండర్-19లో ఎవరు బాగా ఆడారు, ఎవరిని ఎవరు తీసుకుంటారు అని ఒకటే చర్చ. "ఈసారి మన తెలంగాణ అమ్మాయిని తీసుకుంటరా ఆంటీ?" అని అడుగుతారు. ఆ పక్కనే బియ్యం ఏరుకుంటున్న పెద్దావిడ అంటుంది కదా... "ఇదంతా పెళ్లిచూపుల లెక్కనే ఉందే!"

ఆ మాట నవ్వుకుని వదిలేసేది కాదు. బేరీజు వేయించుకోవడం ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? పొడుగెంత, రంగేమిటి, పనొచ్చా అని ఆరా తీయించుకున్నవాళ్లమే కదా అందరం. తేడా ఒకటుంది. అక్కడ పిల్లను చూపించి డబ్బు కూడా మనమే ఇచ్చుకోవాలి. ఇక్కడ ఆట చూపిస్తే డబ్బు పిల్ల చేతికే వస్తుంది. అది తక్కువ తేడా కాదు. అయితే ఇంకా పూర్తిగా ఎదగని అమ్మాయి ఆటను ఒక్క అంకెతో తేల్చేయడం ఎంతవరకు సబబు? ఆ అంకె రాకపోతే ఆ పిల్ల పనికిరానిదనా?

పాట వెనక లెక్క

ముందు ఈ వేలం ఎలా సాగుతుందో తెలుసుకుంటే సగం అపోహలు పోతాయి. ప్రతి జట్టుకూ ఖర్చు పెట్టడానికి ఒక పరిమితి ఉంటుంది. మొదటి ఏడాది అది 12 కోట్లు. 2025 నవంబరు వేలానికి 15 కోట్లు. జట్టులో పద్ధెనిమిది మందికి మించకూడదు. అందులో ఆరు చోట్లు విదేశీ క్రీడాకారిణులవి. దేశం తరఫున ఇంకా ఆడని అమ్మాయిల కనీస ధర సాధారణంగా 10 లక్షల దగ్గర మొదలవుతుంది.

ఇంటి ఖర్చులు నడిపే గృహిణికి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. నెల మొదట్లో పెద్ద సామాను కొనేస్తే నెలాఖరున చిల్లరే మిగులుతుంది. జట్లదీ అదే పద్ధతి. పేరున్న వాళ్ల మీద కోట్లు పోశాక, చివర్లో పిలిచే చిన్న పిల్లల దగ్గరికొచ్చేసరికి చేతిలో మిగిలేది కొంచెమే. అప్పుడు వాళ్లు చూసేది "ఈ పిల్ల గొప్పదా?" అని కాదు, "మనకు ఖాళీగా ఉన్న చోటికి సరిపోతుందా?" అని. వికెట్ కీపరు కావలసిన జట్టు, ఎంత మంచి స్పిన్నరు పేరు పిలిచినా చెయ్యెత్తదు. అంటే ఒక అమ్మాయికి వచ్చే ధరలో ఆమె ఆట కొంత, జట్టు అవసరం కొంత, పేరు పిలిచిన వేళ కొంత.

భద్రాచలం అమ్మాయి

దీనికి మన తెలంగాణలోనే నిదర్శనం ఉంది. గొంగడి త్రిషది భద్రాచలం. కూతురి ఆట కోసం తండ్రి ఉద్యోగం వదులుకుని, ఉన్న భూమిలో కొంత అమ్ముకుని, చిన్నతనంలోనే ఆమెను హైదరాబాదు తీసుకొచ్చారు. 2023లో అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టులో త్రిష ఉంది.

2024 డిసెంబరు 15న బెంగళూరులో వేలం జరిగింది. సరిగ్గా త్రిషకు పందొమ్మిదేళ్లు నిండిన రోజది. మదురైకి చెందిన పదహారేళ్ల కమలినిని ముంబయి జట్టు కోటీ 60 లక్షలకు తీసుకుంది. త్రిష మాత్రం ఆ రోజు ఏ జట్టులోనూ చేరలేదు.

తర్వాత నెలన్నరకు ఏం జరిగిందో చూడండి. మలేసియాలో జరిగిన అండర్-19 ప్రపంచ కప్పులో భారత్ ఇన్నింగ్స్ మొదలుపెట్టింది ఆ ఇద్దరే... కోటీ 60 లక్షల కమలిని, ఏ జట్టూ తీసుకోని త్రిష! స్కాట్లండ్ మీద త్రిష 59 బంతుల్లో 110 పరుగులు చేసి అజేయంగా నిలిచింది. ఆ ప్రపంచ కప్పు చరిత్రలోనే అది మొట్టమొదటి సెంచరీ. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో దక్షిణాఫ్రికాతో జరిగిన ఫైనల్లో మూడు వికెట్లు తీసి, మళ్లీ బ్యాటు పట్టి 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచింది. టోర్నీ మొత్తం మీద 309 పరుగులు, ఏడు వికెట్లు. ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ప్రకటించింది.

ఆ తర్వాతి వేలంలో, 2025 నవంబరు 27న ఢిల్లీలో, త్రిషను యూపీ వారియర్స్ జట్టు 10 లక్షలకు తీసుకుంది. ప్రపంచ కప్పులో అంత ఆడినా పలికింది కనీస ధరే. అయినా తలుపు తెరుచుకుంది. ఆ తలుపు దాకా చేరడానికి ఆమె ఇంట్లో ఎన్నేళ్లు ఎదురు చూశారో ఏ తెరమీదా కనిపించదు.

ఎక్కిన ధర, దిగిన ధర

అమ్మాయిలు నోటుపుస్తకంలో రాసుకునే ఇంకో పేరు శ్రీ చరణి. కడప జిల్లా ఎర్రమల్లె ఊరి పిల్ల. ఎడమచేతి స్పిన్నరు. 2024 డిసెంబరులో ఢిల్లీ జట్టు ఆమెను 55 లక్షలకు తీసుకుంది. ఏడాది తిరక్కుండానే దేశానికి ఆడి, 2025 నవంబరు 2న మనవాళ్లు గెలిచిన ప్రపంచ కప్పులో 14 వికెట్లు తీసింది. అదే నెలలో జరిగిన వేలంలో ఢిల్లీ వాళ్లే కోటీ 30 లక్షలిచ్చి మళ్లీ తెచ్చుకున్నారు.

ఇది విని "మా పిల్లకూ ఇలాగే..." అని ఆశపడే ముందు సిమ్రన్ షేక్ సంగతీ వినాలి. ముంబయి ధారావి అమ్మాయి. 2023లో 10 లక్షలు. ఆ తర్వాతి వేలంలో ఎవరూ తీసుకోలేదు. 2024 డిసెంబరులో ఏకంగా కోటీ 90 లక్షలు. 2025 నవంబరులో మళ్లీ 10 లక్షలు. మూడేళ్లలో అదే అమ్మాయి, అదే బ్యాటు, ఇన్ని ధరలు! అంతెందుకు, అప్పటి ఆస్ట్రేలియా కెప్టెన్ అలిస్సా హీలీని కూడా 2025 వేలంలో ఎవరూ కొనలేదు. ఆమెకు ఆట రాదని ఎవరైనా అనగలరా?

మిర్యాలగూడ మిల్లుల్లో ధాన్యం తేమ కొలవడానికి మిషనుంది. గింజలు పోస్తే అంకె చెబుతుంది. పదహారేళ్ల పిల్లలో రేపటి ఆట ఎంతుందో చెప్పే మిషను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ధర లేని పద్ధతి

ప్రపంచమంతా ఇలా పాట పాడే తీసుకుంటుందా అంటే, లేదు. ఆస్ట్రేలియాలో వాళ్లదైన ఫుట్‌బాల్ ఒకటుంది. కోడిగుడ్డు ఆకారంలో బంతి, జట్టుకు పద్ధెనిమిది మంది. 2017 నుంచి అమ్మాయిలకూ ప్రత్యేక లీగు నడుస్తోంది. అక్కడ కొత్త పిల్లలను తీసుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. పాట ఉండదు, వరస ఉంటుంది. పోయిన ఏడాది అన్నిటికంటే అడుగున నిలిచిన జట్టుకు మొదట ఎంచుకునే అవకాశం. బలహీనులకు ముందు వడ్డన అన్నమాట! తండ్రి ఆడిన క్లబ్బుకే కూతురు చేరడానికి ప్రత్యేక నియమం కూడా పెట్టుకున్నారు.

డ్రాఫ్ట్‌కు ముందు పిల్లల పరుగు, ఎగురు, చురుకు అన్నీ కొలుస్తారు. అభిమానులు నెలల తరబడి సొంత జాబితాలు వేసుకుంటారు, మన వీధి అమ్మాయిల నోటుపుస్తకం లాగానే. అయినా తప్పులు తప్పవు. 1990 డ్రాఫ్ట్‌లో జేమ్స్ హర్డ్ అనే కుర్రవాడి పేరు 79వ వరసలో వచ్చింది. అతనే 1996లో ఆ లీగులో అత్యుత్తమ ఆటగాడికిచ్చే పతకాన్ని అందుకున్నాడు. అన్ని కొలతలు కొలిచినవాళ్లే 78 మందిని అతని కంటే ముందు పిలిచారు మరి!

ఆ పద్ధతిలోనూ కష్టం లేకపోలేదు. ఏ జట్టు పిలిస్తే ఆ ఊరికి వెళ్లాలి. పద్ధెనిమిదేళ్లకే ఇల్లు వదిలి దేశం ఆ చివరికి పోవాల్సి రావచ్చు. కానీ పిల్లల మెడలో ధర చీటీ మాత్రం వేలాడదు.

ఎవరూ లెక్కించని కూత

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. క్రికెట్ పట్నంలో పెరిగిన ఆట. మన ఊళ్ల ఆట కబడ్డీ. 2021 మార్చిలో సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు పెట్టారు. ప్రారంభోత్సవం నాడే ప్రేక్షకుల గ్యాలరీ కూలి ఎంతోమంది గాయపడ్డారు. ఆ బాధ ఈ జిల్లా మరచిపోలేదు. అంత జనం వచ్చింది సినిమా తారల కోసం కాదు, ఇరవై ఏళ్లయినా దాటని పిల్లల కూత వినడానికి. చిన్నవాళ్ల ఆట చూసి "వీడు పైకొస్తాడు" అని చెప్పగల కళ్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయో అప్పుడే తెలిసింది.

మరి "ఈమె పైకొస్తుంది" అన్న తర్వాత ఏమిటి? అబ్బాయిలకు 2014 నుంచి ప్రొ కబడ్డీ ఉంది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ ఒక్క పవన్ సెహ్రావత్‌కే 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టింది. అమ్మాయిలకు 2016లో ఆ లీగు పక్కనే మూడు జట్లతో చిన్న పోటీ నడిపారు. మరుసటి ఏడాదికే అది ఆగిపోయింది. 2023 ఆసియా క్రీడల్లో మన అమ్మాయిలు స్వర్ణం తెచ్చారు. ఆ క్రీడల్లో భారత్‌కు నూరో పతకం అదే! 2025 నవంబరులో ఢాకాలో ప్రపంచ కప్పూ గెలిచారు. అయినా ఏటా టీవీ ముందు కూర్చుని ఎదురుచూసే వేలం వాళ్లకు ఇంకా స్థిరపడలేదు. వెల కట్టడం బాధే, కాదనను. కానీ ఎవరూ బేరీజు వేయడానికైనా రాకపోవడం అంతకంటే పెద్ద బాధ.

వేలానికి ముందు మనం చూడవలసినవి

1. ఎన్ని పరుగులు అన్నదొక్కటే కాదు, ఎవరి మీద చేసింది, ఏ పరిస్థితిలో చేసింది అని చూడాలి.

2. ఫీల్డింగ్ గమనించాలి. బ్యాటు పట్టని రోజు కూడా ఆ పిల్ల ఎంత చురుగ్గా ఉందో అక్కడ తెలుస్తుంది.

3. ఏ జట్టులో ఏ చోటు ఖాళీగా ఉందో రాసుకోవాలి. పేరు మిగిలిపోతే ఎందుకు మిగిలిందో అప్పుడు అర్థమవుతుంది.

4. రంగు, ఒడ్డూ పొడుగూ, జుట్టు కత్తిరింపు... ఈ మాటలు పెళ్లిచూపుల్లోనే మనల్ని చాలా బాధపెట్టాయి. మైదానంలోకి మనమే తీసుకురావద్దు.

5. ఇంట్లో ఆడే పిల్ల ఉంటే చదువు మాన్పించవద్దు. ధర ఒక ఏడాది ఉంటుంది, ఇంకో ఏడాది ఉండదు. కోదాడ నుంచి హైదరాబాదు వెళ్లి నేర్చుకోవాలంటే 170 కిలోమీటర్ల పైమాటే. బస్సు ఖర్చు, బూట్ల ఖర్చు, తోడు వెళ్లే తల్లి శ్రమ అన్నీ కలిపి లెక్క వేసుకున్నాకే పొలం అమ్మే ఆలోచన చేయాలి.

2025 నవంబరు వేలంలో 67 మందికి చోటు దొరికింది. మిగిలిన వాళ్లంతా మర్నాడు పొద్దున్నే మళ్లీ బ్యాటు పట్టుకుని మైదానానికి వెళ్లాల్సిన వాళ్లే. అలాంటి అమ్మాయి మీ బంధువుల్లోనో, మీ వాడలోనో ఉండొచ్చు. కనిపిస్తే "ఎంతకు పోయావమ్మా?" అని అడక్కండి. "నిన్న ఎట్లా ఆడినవ్ బిడ్డా?" అని అడగండి. ఆ ప్రశ్నకు ఆమె దగ్గర చెప్పుకోవడానికి చాలా ఉంటుంది.