అఖీఖ్ రాయికి ఎరుపు ఎక్కడిది?

కొన్నాళ్ళ క్రితం మా దగ్గర చదువుకునే ఓ పిల్లవాడి తండ్రి మదర్సాకు వచ్చారు. ఆయన వేలికి జేగురు రంగు రాయి పొదిగిన కొత్త వెండి ఉంగరం ఉంది. "మౌల్వీ సాబ్, ఇది అఖీఖ్. వ్యాపారం కలిసొస్తుందని ఇచ్చారు. అప్పు చేసి కొన్నాను. నిజంగా కలిసొస్తుందంటారా?" అని అడిగారు. ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. అందుకే మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాము.

అఖీఖ్‌లో ఉండేది ప్రధానంగా సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. దానికి సొంత రంగు లేదు. అందులో కలిసిన కొద్దిపాటి ఇనుము వల్లే ఎరుపు, గోధుమ వన్నెలు వస్తాయి. మన ఎర్రనేలకు, కావిరాయికి, తుప్పు పట్టిన మేకుకు రంగునిచ్చేదీ ఆ ఇనుమే.

పైగా చాలా అఖీఖ్ రాళ్ళు భూమిలో ఇంత ఎర్రగా ఉండవు. గుజరాత్‌లో భరూచ్ జిల్లా రతన్‌పూర్ ప్రాంతంలో తవ్విన రాళ్ళను నెలల తరబడి ఎండబెట్టి, మట్టికుండల్లో ఉంచి, పిడకల మంటలో కాలుస్తారు. ఆ వేడికి పసుపు, గోధుమ రంగు రాయి ఎర్రబడుతుంది. పచ్చి ఇటుక బట్టీలో ఎర్రబడినట్లే! ఈ విద్య నాలుగు వేల ఏళ్ళకు పైబడినది. సింధు నాగరికత కాలపు అఖీఖ్ పూసలు ఇరాక్‌లోని ఉర్ నగర రాజ సమాధుల్లో దొరికాయి.

మరి ధర్మం ఏమంటుంది? రాజులకు పంపే లేఖలపై ముద్ర వేయడానికి దైవప్రవక్త (సఅసం) వెండి ఉంగరం చేయించుకున్నారు. ఆయన ఉంగరపు రాయి హబషా దేశానిదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఒకటి సహీహ్ ముస్లింలో ఉంది. అది అఖీఖ్ కావచ్చని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు. అయితే అఖీఖ్ ధరిస్తే శుభం కలుగుతుందని ప్రచారంలో ఉన్న హదీసులు రుజువైనవి కావని హదీసువేత్తలు తేల్చారు. హజ్రత్ ఉమర్ (రజి) హజ్రె అస్వద్‌ను ముద్దాడుతూ కూడా, అది మేలు గానీ కీడు గానీ చేయలేని రాయేనని, దైవప్రవక్త ముద్దాడగా చూశాను కనుకనే తానూ ముద్దాడుతున్నానని అన్నారు. కాబా గోడలోని రాయి సంగతే అలా ఉంటే, మన వేలి ఉంగరం ఎంత?

ఈ రాయి వెనుక మరో సంగతి ఉంది. రతన్‌పూర్ రాళ్ళు సానబట్టడానికి చేరేది ఖంభాత్ పట్టణానికి. రాయిని అరగదీస్తుంటే లేచే సన్నని ధూళి పనివారి ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపరుస్తుంది. ఆ జబ్బు సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు లేదు. క్షయ సోకే ప్రమాదమూ పెరుగుతుంది. తడి చేస్తూ సానబట్టడం, ధూళిని లాగేసే యంత్రాలు అమర్చడం ద్వారా దాన్ని నివారించవచ్చు. కానీ ఇళ్ళలోనే సాన పెట్టుకునే పేదలకు ఆ ఏర్పాట్లు ఎక్కడివి? మనకు అదృష్టం తెస్తుందని కొనే రాయి, దాన్ని చెక్కినవాడి ఆయుష్షునే తగ్గిస్తోంది.

ఆ తండ్రిని ఉంగరం తీసేయమని మేము అనలేదు. పురుషులకు వెండి ఉంగరం ధర్మసమ్మతమే. "అందానికి పెట్టుకోండి. బరకత్ మాత్రం అల్లాహ్‌నే అడగండి. ముందు ఆ అప్పు తీర్చేయండి" అన్నాము. ఆయన కాసేపు ఉంగరం వంక చూసి, నవ్వి, "దుకాణం తెరిచే వేళయింది" అంటూ లేచారు. అల్లాహ్ ఆయన కష్టార్జితంలో, ఖంభాత్ శ్రామికుల కష్టార్జితంలో బరకత్ ప్రసాదించుగాక!